ఆరెంజ్‌లో నకారం ఏమైంది?

ఈ నెల ‘మాటల పుట్టుక’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదు ఒకే మాట గురించి అడిగినవి. అందువల్ల వాటికి విడివిడిగా కాకుండా ఒకేచోట జవాబు చెప్పడం మంచిదనిపించింది. ఆ మాట ఆరెంజ్.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. ఇంగ్లీషులోని ‘ఆరెంజ్’నే తెలుగువాళ్ళు ‘నారింజ’ చేసుకున్నారని తన స్నేహితురాలు చెప్పిందట. మా మామగారేమో నారింజే అసలు మాట, ఇంగ్లీషువాళ్ళు మన దగ్గర నేర్చుకుని దాన్ని ఆరెంజ్ అన్నారని అంటున్నారు. ఏది నిజం? — ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మామగారి మాటే నిజానికి దగ్గరగా ఉంది. అయితే ‘మన దగ్గర నేర్చుకుని’ అన్నచోట చిన్న సవరణ అవసరం. ఇంగ్లీషువాళ్ళు వ్యాపారం కోసం మన తీరానికి ఓడల్లో రావడానికి సుమారు రెండు వందల ఏళ్ళ ముందే, అంటే 14వ శతాబ్దం చివరికే, వాళ్ళ భాషలో ఆరెంజ్ అనే మాట చేరిపోయింది. కాబట్టి వాళ్ళు ఇక్కడికి వచ్చి విని నేర్చుకున్నది కాదు. పండూ దాని పేరూ కలిసి ఇక్కడి నుంచి పడమటి దిక్కుగా బయలుదేరి, ఒక భాష నుంచి మరో భాషకు చేతులు మారుతూ, చివరికి వాళ్ళ దాకా వెళ్ళాయి.

ఆ దారి చాలావరకు స్పష్టంగానే తెలుస్తుంది. సంస్కృతంలో ‘నారంగ’ అన్నది పారశీకంలో ‘నారంగ్’ అయింది. అరబ్బులు పారశీకం నుంచి మాటలు తీసుకునేటప్పుడు అందులోని గకారాన్ని తరచుగా జకారంగా పలికేవారు గనుక, వారి నోట అది ‘నారంజ్’ అయింది. అరబ్బుల పాలనలో ఉన్న సిసిలీ ద్వీపంలోనూ, స్పెయిన్ దక్షిణ ప్రాంతంలోనూ ఈ చెట్లు నాటుకున్నాక, అక్కడి భాషలు ఈ పేరును ఒక్కొక్కటీ ఒక్కో తీరుగా అందుకున్నాయి. స్పానిష్‌లో ‘నరాన్హా’, వెనిస్ ప్రాంతపు పలుకుబడిలో ‘నరాన్జా’, హంగేరియన్‌లో ‘నరాంచ్’ అని నేటికీ మొదటి నకారంతోనే పలుకుతారు. పోర్చుగీసువాళ్ళు మాత్రం ఆ నకారాన్ని లకారం చేసి ‘లరాంజా’ అన్నారు. ఇటాలియన్‌లో ఆ అక్షరం రాలిపోయి ‘అరాంచా’ మిగిలింది. ఫ్రెంచ్‌లోనూ అలాగే రాలిపోయి ‘ఒరాంజ్’ అయింది. ఇంగ్లీషు తీసుకున్నది ఈ చివరి దాన్నే.

ఇక సంస్కృతంలోకి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది అసలు ప్రశ్న. నిఘంటుకారుల్లో ఎక్కువమంది దాని మూలం ద్రావిడ భాషల్లో ఉందని చెబుతారు. తమిళంలో ‘నార్తంగాయ్’ అంటారు, ఊరగాయకు ప్రసిద్ధమైనది. మలయాళంలో నిమ్మజాతి కాయలన్నింటికీ ‘నారంగ’ అన్నదే వాడుక మాట. ఇక్కడ మలయాళం మాటను కొంచెం దగ్గరగా చూడాలి. ఆ భాషలో మామిడికాయ ‘మాంగ’, కొబ్బరికాయ ‘తేంగ’, నిమ్మకాయ ‘నారంగ’. మొదటి రెండింటి చివరా ఉన్న ఆ ‘ంగ’ మరేదో కాదు, మనం మామిడికాయ, వంకాయ అన్నప్పుడు చివర పలికే ‘కాయ’యే. మా అంటే మామిడి. దాని కాయ ‘మాంగాయ్’. పోర్చుగీసుల ద్వారా అది ఇంగ్లీషులోకి వెళ్ళి ‘మ్యాంగో’ అయింది. ‘నారంగ’లోనూ అలాంటి ‘కాయ’యే దాగి ఉందని కొందరు పండితులు వాదించారు. నాకు ఆ వాదన బలమైనదిగానే కనిపిస్తుంది. మొదటి భాగమైన ‘నార’ను వాసనను తెలిపే పాత ద్రావిడ ధాతువుతో ముడిపెట్టేవారూ ఉన్నారు. తమిళంలో ‘నాట్రం’ అన్న మాటకు పూర్వం సువాసన అనే అర్థం ఉండేది, ఇప్పుడు దుర్వాసన అయిపోయింది. కన్నడంలో పరిమళాన్ని తెలిపే ‘కంపు’ మన దగ్గర ముక్కు మూసుకునే మాట అయినట్టే.

మా ఇంటి పెరట్లో చిన్నప్పుడు ఒక నారింజ చెట్టు ఉండేది. దాని ఆకును చూస్తే ఒక చిన్న ఆకు మీద మరో పెద్ద ఆకు అతికించినట్టు, కాడకు రెండు వైపులా రెక్కలతో ఉంటుంది. ఆ ఆకును వేళ్ళ మధ్య నలిపితే వచ్చే ఘాటైన వాసన గంటసేపు చేతిని వదిలేది కాదు. పండు కోసుకోకుండానే చెట్టును వాసనతో గుర్తుపట్టగలిగే మనుషులు దానికి వాసన పేరే పెట్టారంటే, ఆ పెరటి నుంచి వచ్చిన నాకు అందులో నమ్మలేనిది ఏదీ లేదు.

ఒక్క విషయం మాత్రం మీ మామగారికి మర్యాదగా చెప్పండి. నిఘంటువులు తమిళ, మలయాళ రూపాల పక్కన తెలుగు ‘నారింజ’ను కూడా పోలిక కోసం చూపిస్తాయే తప్ప, తెలుగు మాటే ఇంగ్లీషుకు మూలమని చెప్పవు. పైగా మన నారింజ చివర ఉన్న ‘జ’ను చూస్తే దక్షిణాది ‘నారంగ’ కంటే అరబ్బీ ‘నారంజ్’కే దగ్గరగా ఉంది. మాటలు ఒకే వైపు ప్రయాణం చేయవు. వెళ్ళినవి వేషం మార్చుకుని తిరిగి వస్తుంటాయి. తెలుగు నుంచి నేరుగా ఇంగ్లీషుకు వెళ్ళిన మాట కావాలంటే, ఏ సందేహమూ లేకుండా చెప్పదగినది ‘బాండికూట్’. అది మన పందికొక్కు.

ప్రశ్న: ఇంగ్లీషులో పూర్వం ‘ఎ నారెంజ్’ అని ఉండేదనీ, వినేవాళ్ళు దాన్ని ‘ఏన్ ఆరెంజ్’గా విడదీసుకోవడంతో నకారం పోయిందనీ ఎన్నో ఏళ్ళుగా తరగతిలో చెబుతూ వస్తున్నాను. ఈ మధ్య ఒక విద్యార్థి ఆధారం చూపమన్నాడు. చూపగలరా? — ఆంగ్ల అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: మీ విద్యార్థి అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మీరు చెబుతున్న వివరణ ఎంతో ప్రచారంలో ఉన్నది, ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కినది. అయినా ఈ ఒక్క మాట విషయంలో అది పొరపాటు. నకారం పోయిన మాట నిజమే, విడదీయడంలో పోయిన మాటా నిజమే, కానీ అది పోయింది ఇంగ్లండులో కాదు. ఇటాలియన్‌లో ‘ఉనా నరాంచా’ అన్నప్పుడు, ఫ్రెంచ్‌లో ‘యూన్ నరాంజ్’ అన్నప్పుడు, ముందున్న ఉపపదంలోని (ఇంగ్లీషు ‘ఎ’, ‘ఏన్’ లాంటి చిన్న మాటలోని) నకారమూ పండు పేరులోని నకారమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి, వినేవారికి ఒకటే వినబడింది. ఆ ఒక్కదాన్నీ వాళ్ళు ఉపపదానికి ఇచ్చేశారు. ఇంగ్లీషు ఆ మాటను అరువు తెచ్చుకునే నాటికే ఆ పని పూర్తయిపోయింది.

దీనికి చక్కని సాక్ష్యం ఒకటి ఉంది. 1290లో స్పెయిన్ నుంచి ఒక ఓడ ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ రేవుకు వచ్చింది. అప్పటి రాజు మొదటి ఎడ్వర్డ్ భార్య ఎలియనోర్ స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యపు ఆడపడుచు. పుట్టింటి పండ్లు వచ్చాయని విని ఆమె అత్తి పండ్లు, ఎండు ద్రాక్షలతోపాటు ఏడు నారింజలు కొనిపించింది. లెక్కల పుస్తకంలో వాటిని లాటిన్, ఫ్రెంచ్ కలగలిపి ‘పోమా దె ఒరెంజ్’ అని రాశారు. పోమా అంటే పండ్లు. ఇంగ్లండులో ఈ పండును ప్రస్తావించిన తొలి రాతల్లో ఒకటైన ఇందులోనే నకారం లేదు. ఆ ఓడ వచ్చిన స్పెయిన్‌లో నకారం ఉంది, లెక్క రాసినవారి ఫ్రెంచ్‌లో లేదు. ఆ ఒక్క పద్దులోనే ఈ మాట ఇంగ్లండుకు ఏ దారిన చేరిందో కనబడుతుంది.

నకారం పోయాక మొదటి అచ్చు ‘అ’ ఎందుకు ‘ఒ’ అయిందని మీ విద్యార్థి తరువాత అడగవచ్చు. ఫ్రెంచ్‌లో ‘ఓర్’ అంటే బంగారం. చూడడానికి బంగారు పండులా ఉన్నదాని పేరులో బంగారం వినిపించడం వారికి సహజంగా తోచింది. లాటిన్ రాసే పండితులు ఇంకొంచెం ముందుకు వెళ్ళి, బంగారానికి తమ మాటైన ‘ఔరమ్’ను మనసులో పెట్టుకుని ‘ఔరాంటియమ్’ అనే రూపం కల్పించారు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టినప్పుడు పుల్ల నారింజకు ‘సిట్రస్ ఔరాంటియమ్’ అని ఖాయం చేశాడు. అలా ఎక్కడో దక్షిణాసియాలో పుట్టిన ధ్వని మీద బంగారు పూత పడింది.

మీరు తరగతిలో చెప్పే సూత్రం మాత్రం తప్పు కాదు. ఉదాహరణను మార్చుకుంటే చాలు. క్రికెట్ చూసే పిల్లలకు ‘అంపైర్’ కంటే మంచి ఉదాహరణ దొరకదు. పాత ఫ్రెంచ్‌లో ‘నాన్‌పేర్’ అంటే జత కానివాడు, అంటే పోటీపడే ఇద్దరిలో ఎవరికీ చెందని మూడో మనిషి. అది ఇంగ్లీషులో ‘ఎ నూంపర్’గా ఉండి, ‘ఏన్ ఊంపర్’గా విడిపోయి, అంపైర్ అయింది. వంటవాళ్ళు, వైద్య విద్యార్థులు తొడుక్కునే ‘ఏప్రన్’ కూడా మొదట ‘నాప్రన్’. దాని తోబుట్టువైన ‘న్యాప్‌కిన్’లో ఆ నకారం ఇప్పటికీ భద్రంగా ఉంది. ‘ఆడర్’ అనే విషసర్పం పేరు ఒకప్పుడు ‘నాడర్’. దీనికి ఎదురుగా నడిచినవీ ఉన్నాయి. ‘ఎక్‌నేమ్’ అంటే అదనపు పేరు. ‘ఏన్ ఎక్‌నేమ్’ అనడంలో ఉపపదపు నకారం పక్క మాటకు అంటుకుని ‘నిక్‌నేమ్’ అయింది.

ఇది ఇంగ్లీషుకే పరిమితమైన వింత కాదని పిల్లలకు చెప్పడానికి మన ఇంట్లోనే ఉదాహరణ ఉంది. ‘మా ఇల్లు’ అని గబగబా పలికితే రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి ‘మాయిల్లు’ అవుతుంది. వ్యాకరణంలో దాన్ని యడాగమం అంటారు. కేవలం ఆ కలయిక కోసం వచ్చిన యకారాన్ని మాటకు చెందినదే అనుకుని ‘యిల్లు’, ‘యిద్దరు’, ‘యెందుకు’ అని విడిగా రాసేవాళ్ళను నేటికీ చూస్తాం. పాత ఉత్తరాలు, దస్తావేజులు తిరగేస్తే అడుగడుగునా కనిపిస్తాయి. నూంపర్ నకారం పోగొట్టుకున్నదీ, ఇల్లు యకారం సంపాదించుకున్నదీ చెవి చేసే ఒకే పని వల్ల.

ప్రశ్న: నారంగ అంటే ఏనుగుకు విషమని అర్థమనీ, ఒక ఏనుగు ఆ పండ్లు అతిగా తిని చనిపోతే చెట్టుకు ఆ పేరు పెట్టారనీ ఫోన్‌లో ఒక సందేశం తిరుగుతోంది. అది నిజమా? — ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కాదు. ‘నారంగ’ అన్న మాటలో ఏనుగూ లేదు, విషమూ లేదు. ఈ పండుకు సంస్కృతంలో ‘నాగరంగ’ అనే మరో రూపం ఉంది. అమరకోశంలోనూ అదే కనిపిస్తుంది. పరాయి మాటకు తమ భాషలో అర్థం వచ్చేలా సంస్కృత పండితులు దిద్దుకున్న రూపంగా దాన్ని చూడాలి. ఫ్రెంచ్‌వాళ్ళు బంగారం తెచ్చి కలిపినట్టే వీరు ‘నాగ’ను తెచ్చి కలిపారు. నాగ శబ్దానికి పాముతోపాటు ఏనుగు అనే అర్థమూ ఉండడం వల్ల, ఆ తరువాత ఎవరో దాని మీద ఈ కథ అల్లారని నా అభిప్రాయం. దయచేసి ఆ సందేశాన్ని మరొకరికి పంపకండి.

ప్రశ్న: ఆరెంజ్ అన్న పేరు ముందు రంగుకు ఉండి పండుకు వచ్చిందా, పండు నుంచి రంగుకు వెళ్ళిందా? నెదర్లాండ్స్ క్రికెట్ జట్టు ఆ రంగు దుస్తులే ఎందుకు వేసుకుంటుంది? — ఒక డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: పండే ముందు. 16వ శతాబ్దం మొదటి వరకు ఇంగ్లీషులో ఆ మాటను రంగు పేరుగా వాడిన దాఖలా దాదాపు లేదు. అంతకుముందు వాళ్ళ పాత భాషలో ‘పసుపు-ఎరుపు’ అనే అర్థం వచ్చే జంట మాట ఒకటి ఉండేది. చాలా సందర్భాల్లో అదీ లేకుండా ఎరుపు అనే సరిపెట్టుకునేవారు. రాబిన్ పిట్ట రొమ్ము చక్కని నారింజ రంగులో ఉంటుంది, అయినా దాన్ని నేటికీ ‘ఎర్ర రొమ్ము’ అనే పిలుస్తారు. ఎందుకంటే పిట్టకు పేరు పెట్టిన రోజుల్లో ఆ రంగుకు వేరే పేరు లేదు. 14వ శతాబ్దపు కవి ఛాసర్ ఒక కోడిపుంజు కలలో కనిపించిన నక్కను వర్ణిస్తూ, దాని రంగు పసుపుకూ ఎరుపుకూ నడుమ ఉందని చెప్పవలసి వచ్చింది. చేతిలో మాట లేకపోయినా, ఆయన కంటికి ఆ రంగు తేడా స్పష్టంగానే తెలిసింది.

వస్తువు పేరు రంగు పేరుగా మారడం మనకు కొత్త కాదు. ‘పచ్చ’ అన్న మాట ఒకప్పుడు మనకు రెండు రంగులకూ సరిపోయేది. పచ్చగడ్డి అంటే ఒక రంగు, పచ్చకామెర్లు అంటే మరో రంగు. ఆ రెండింటినీ విడదీసి చెప్పవలసిన అవసరం వచ్చినప్పుడు ఒకదానికి వంటింట్లోని పసుపు కొమ్ము పేరు, మరొకదానికి ఆకు పేరు పెట్టుకున్నాం. చీరల దుకాణంలో అయితే కనకాంబరం రంగు, వంకాయ రంగు, చిలకపచ్చ అంటూ చెట్టూ చేమా, పిట్టా అన్నీ వచ్చి చేరతాయి. పండును బట్టి ఇంగ్లీషువాళ్ళు రంగుకు పేరు పెట్టుకున్నదీ ఇదే పద్ధతి. న్యూటన్ మొదట్లో ఇంద్రధనుస్సులో ఐదు ముఖ్యమైన రంగులనే లెక్కించి, సంగీతంలోని ఏడు స్వరాలకు సరిపోయేలా తరువాత నారింజనూ ఇండిగోనూ చేర్చి ఏడు చేశాడు. మన జాతీయ జెండా పై పట్టీని మాత్రం నారింజ రంగు అనకూడదు. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన తీర్మానంలో ఉన్నది ‘కేసరి’ అన్న మాట. అది కుంకుమపువ్వు రంగు.

నెదర్లాండ్స్ సంగతి వేరు. దక్షిణ ఫ్రాన్స్‌లో ఆరెంజ్ అనే పట్టణం ఉంది. రోమన్ల కాలంలో దాని పేరు ‘అరౌసియో’. అది పండుతో ఏ సంబంధమూ లేని, అంతకంటే పాతదైన కెల్టిక్ పేరు. శతాబ్దాల తరబడి అరిగి అరిగి ఆ పేరు కూడా పండు పేరులాగే పలకసాగింది. 1544లో ఆ సంస్థానం విలియమ్ అనే బాలుడికి వారసత్వంగా వచ్చింది. అతడే పెద్దవాడై స్పెయిన్ రాజుపై తిరుగుబాటు నడిపి, డచ్చివారు తమ జాతికి తండ్రిగా భావించే నాయకుడయ్యాడు. అతని వంశానికి ఆరెంజ్ అన్నది ఇంటిపేరు అయింది, ఇంటిపేరు నుంచి రంగు వచ్చింది, ఆ రంగు ఆటగాళ్ళ చొక్కాల మీదికి ఎక్కింది. జెండాలో లేని రంగును ఆ జట్లు ఎందుకు వేసుకుంటాయన్న దానికి కారణం ఇదే. పట్టణం పేరు, పండు పేరు వేరువేరు మూలాల నుంచి వచ్చి ఒకే ధ్వనిలో కలిశాయి.

ప్రశ్న: మాకు పన్నెండు ఎకరాల చీనీ తోట ఉంది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన మా కోడలు వాటిని బత్తాయిలు అంటుంది. హైదరాబాదులో మోసంబి అంటారు. ఇంగ్లీషులో ఆరెంజ్ అనవచ్చా, ఇన్ని పేర్లు ఎందుకు వచ్చాయి? — ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: నిరభ్యంతరంగా అనవచ్చునండీ. మీ తోటలో ఉన్నది తీపి నారింజ జాతే. ఇంగ్లీషులో దాన్ని ‘స్వీట్ ఆరెంజ్’ అంటారు. మనం బజారులో కమలా పండు అని కొని, తొక్క చేత్తోనే ఊడదీసి తొనలు విడదీసుకుని తినేది వేరే జాతి.

మీరు అడిగిన మూడు పేర్లనూ పక్కపక్కన పెడితే సముద్ర వ్యాపారపు పటం గీసినట్టు ఉంటుంది. చీనీ అంటే చైనాది. బత్తాయిని డచ్చివారి రేవు పట్టణమైన బటేవియా, అంటే నేటి జకార్తా పేరుతో ముడిపెడతారు. మోసంబి ఆఫ్రికా తూర్పు తీరంలోని మొజాంబిక్. ఒకే పండుకు, అది ఏ రేవు నుంచి వచ్చిందని ఎవరు అనుకుంటే ఆ పేరు నిలిచింది. మీ ఇంట్లో మీరూ కోడలూ రెండు పేర్లతో పిలిచినట్టే ప్రపంచమంతా ఈ పండును వచ్చిన చోటు పేరుతోనే పిలిచింది. డచ్చి భాషలో ‘సినాసాపెల్’ అంటే చైనా ఆపిల్. తీపి రకాన్ని ఐరోపా అంతటా వ్యాపింపజేసినవారు పోర్చుగీసులు కావడంతో గ్రీకులో ‘పోర్తొకాలి’, తుర్కీలో ‘పోర్తకాల్’ అని వారి దేశం పేరే పెట్టారు. మీ ఊరివాళ్ళు ఎవరైనా కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తుంటే అడిగి చూడండి. అక్కడి పండ్ల దుకాణంలో దాన్ని ‘బుర్తుఖాల్’ అంటారని చెబుతారు. అదీ పోర్చుగలే.

నారంజ్ అనే మాటను పడమటికి మోసుకెళ్ళిన అరబ్బులే, తీపి పండు వచ్చాక దానికి ఆ పాత పేరు ఇవ్వలేదు. నారంజ్‌ను మొదటి నుంచీ తమకు తెలిసిన పుల్ల కాయకే ఉంచుకున్నారు. మన పెరళ్ళలోనూ అదే జరిగింది. తీపి వాటికి చీనీ, బత్తాయి, మోసంబి, కమలా అని కొత్త పేర్లు వచ్చాయి. పులిహోరలోకి పిండుకునే పుల్ల కాయ మాత్రం ఇప్పటికీ నారింజకాయే.